పద్దెనిమిది నిండిన మర్నాడు ఫోను ఎత్తేదెవరు?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తొమ్మిదిమంది మిత్రులు కలిసి, ఊరి చివర ఉన్న ఒక బాలల గృహంలోని పిల్లలకు అండగా నిలిచే సంస్థ పెట్టాలనుకుంటున్నారు. నలభైమంది పిల్లలు, శనివారాల్లో ఇంగ్లీషు, కంప్యూటర్ తరగతులు, ఏడాదికోసారి విహారయాత్ర, పదో తరగతి పాసైనవాళ్లకు ల్యాప్‌టాప్‌లు. ఈ ప్రణాళిక సరైనదేనా, పిల్లలకు తోడుండి దారిచూపే మెంటర్లను ఎలా ఎంచుకోవాలి, డబ్బు ఎక్కడినుంచి తేవాలి అని అడిగారు. పంతొమ్మిదేళ్లుగా బాలల గృహాల నుంచి బయటికొచ్చే పిల్లలతోనే పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక్క మార్పు కోరతాను. నలభైమందితో మొదలుపెట్టకండి. వాళ్లలో పదహారు, పదిహేడేళ్ల వయసున్నవాళ్లు ఆరుగురో ఏడుగురో ఉంటారు. వాళ్లను తీసుకోండి. తీసుకున్నాక వాళ్లకు ఇరవై మూడేళ్లు వచ్చేదాకా వదలకండి.

చిన్నపిల్లలకు ఎవరో ఒకరు దొరుకుతారు. పుట్టినరోజులనీ, పెళ్లిరోజులనీ, పెద్దల వర్ధంతులనీ భోజనాలు పెట్టడానికి, బట్టలు పంచడానికి దాతలు హోమ్‌లకు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ల చేతులు సహజంగా అయిదారేళ్ల పాపవైపు సాగుతాయి. గొంతు మారి, నూనూగు మీసాలు వచ్చి, గోడకు ఆనుకుని నిలబడే పదిహేడేళ్ల కుర్రాడి దగ్గరికి ఎవరూ వెళ్లరు. అందరికంటే ముందు బయటికి వెళ్లాల్సినవాడు అతనే.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారే పిల్లలు. నిండాక హోమ్ నుంచి వెళ్లాలి. ఆ తర్వాత అందించే తోడ్పాటును చట్టం ‘ఆఫ్టర్ కేర్’ అంటుంది. ఇరవై ఒక్క ఏళ్ల వరకు ఇది వర్తిస్తుంది. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చని 2016 నమూనా నిబంధనలు చెబుతున్నాయి. నేను ఇరవై మూడు అన్నది అందుకే. ఆరుగురి నుంచి ఎనిమిదిమంది కలిసి ఉండే తాత్కాలిక వసతి, శిక్షణ కాలంలో భృతి, క్రమం తప్పకుండా మాట్లాడే కౌన్సెలర్, స్వయం ఉపాధికి రుణం, ఇవన్నీ ఆ నిబంధనల్లో ఉన్నాయి. చదివితే మనసు నిండుతుంది. కానీ చట్టంలోని 46వ సెక్షన్ ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది. ‘ఇవ్వాలి’ అనదు. ఆ ఒక్క క్రియాపదం దగ్గరే మన పిల్లలు జారిపోతున్నారు. అడిగేవాళ్లు ఉన్నచోట వస్తుంది, లేనిచోట రాదు. మీ సంస్థ చేయాల్సిన మొదటి పని, అడిగే మనిషిగా ఉండటం.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఇంటర్ పాసయ్యాడు, హోమ్‌లో అందరికీ ఇష్టుడు. వెళ్లేరోజు రేకుపెట్టె, సర్టిఫికెట్ల ఫైలు, కొత్త చెప్పులు ఇచ్చి సాగనంపాం. ఒక గోదాములో ఉద్యోగం, ముగ్గురితో కలిసి గది. అంతా కుదిరిందనుకున్నాను. నాలుగో నెలలో టైఫాయిడ్ వచ్చింది. పన్నెండు రోజులు పనికి వెళ్లకపోతే ఉద్యోగం పోయింది. అద్దె కట్టలేక గది పోయింది. పదకొండు రాత్రులు బస్‌స్టేషన్‌లో పడుకున్నాడు. అతని ఫోనులో నా నంబరు ఉంది, అయినా చేయలేదు. చాలాకాలం తర్వాత అడిగితే, “పంపేటప్పుడు మీరు అంత సంతోషపడ్డారు కదా మేడమ్, ఓడిపోయానని ఎలా చెప్పను?” అన్నాడు.

ఆ మాట తర్వాత నా పనితీరే మారిపోయింది. అప్పటిదాకా అతనికి నేను ఇచ్చిందంతా గెలవడానికి పనికొచ్చే సామగ్రి. ఓడితే ఎక్కడికి రావాలో చెప్పలేదు. మన ఇళ్లలో కుర్రాడు ఉద్యోగం పోగొట్టుకుంటే నాలుగు తిట్లు తిని, అన్నం తిని, మళ్లీ ప్రయత్నిస్తాడు. ఆ తిట్టే గుమ్మమే ఈ పిల్లలకు లేదు. అందుకే ఇప్పుడు హోమ్ నుంచి వెళ్తున్న ప్రతి ఒక్కరికీ, వెళ్లకముందే, నాలుగైదుసార్లు ఇదే చెబుతాను: “మొదటి ఉద్యోగం పోతుంది. చాలామందికి పోయింది. పోయినరోజే నాకు ఫోను చెయ్యి.” అంతేకాదు, వాళ్లు చేస్తారని ఎదురుచూడను. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు మేమే చేస్తాం. మూడోసారి ఎత్తకపోతే గదికి వెళ్తాం.

మీ ఇంగ్లీషు తరగతులు అనవసరమని అనను. ఇంటర్వ్యూలో ఉపయోగపడతాయి. కానీ ఇరవై ఏళ్లకు ఈ పిల్లలు పడిపోయే చోట్లు వేరు. హోమ్‌లో గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం. ఏం వండాలో, ఏ సబ్బు కొనాలో పదేళ్లపాటు ఎవరో నిర్ణయించారు. ఒక అమ్మాయి హోమ్ వంటగదిలో ఎనభైమందికి వంట చేయడంలో సాయపడేది. బయటికి వచ్చిన మొదటిరోజు నాకు ఫోను చేసి, “అక్కా, ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పొయ్యాలి?” అని అడిగింది. ఒక్కరికోసం వండే అవసరం ఆమెకు అంతకుముందు ఎన్నడూ రాలేదు.

కాబట్టి పదహారేళ్ల నుంచే, హోమ్ అనుమతితో, చిన్నచిన్న నిర్ణయాలు వాళ్ల చేతికి ఇవ్వండి. నెలకు కొంత డబ్బు ఇచ్చి, సబ్బులు, నోటు పుస్తకాలు వాళ్లనే కొనుక్కోమనండి. రైతుబజారుకు పంపండి. బస్సు మారి వెళ్లాల్సిన చోటికి ఒంటరిగా వెళ్లి రమ్మనండి. బ్యాంకులో డబ్బు తీసే ఫారం, ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ, అద్దె గది యజమానితో మాట్లాడటం, ఇవన్నీ మీరు పక్కన నిలబడి వాళ్లతో చేయించండి. డబ్బంతా మొదటి వారంలోనే పెర్‌ఫ్యూమ్‌కు ఖర్చుపెట్టేసిన అబ్బాయిని నేను చూశాను. మిగిలిన మూడు వారాలు అతను పడిన ఇబ్బంది నేర్పినంత ఏ పాఠమూ నేర్పలేదు. ఆ తప్పు పదిహేడేళ్లప్పుడు హోమ్‌లో జరిగింది కాబట్టి సరిపోయింది. పంతొమ్మిదేళ్లకు జరిగి ఉంటే అద్దె డబ్బు పోయేది.

ఇక కాగితాల సంగతి. ఈ పనిలో సగం ఇదే. విసుగనిపించే పనే, కానీ దీన్ని పట్టుదలగా చేసే మనిషి మీ తొమ్మిదిమందిలో ఒకరుంటే ఆ పిల్లలు అదృష్టవంతులు. పదో తరగతి మెమోలో ఒక పుట్టినతేదీ, ఆధార్‌లో ఇంకొకటి. ఒకచోట ఇంటిపేరు ఉంటుంది, ఇంకోచోట ఉండదు. తండ్రిపేరు దగ్గర ఎవరో హోమ్ ఉద్యోగి పేరు రాసి ఉంటుంది. ఇవి సరిచేయాలంటే హోమ్ సూపరింటెండెంట్ సంతకం కావాలి. పిల్లవాడు హోమ్‌లో ఉన్నంతకాలం అది ఒక్కరోజు పని. వెళ్లిపోయాక ఆ సూపరింటెండెంట్ బదిలీ అయితే నెలలు పడుతుంది. పదిహేనేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప వివరాలు మళ్లీ ఇవ్వాలి. చాలా హోమ్‌లలో ఇది మరిచిపోతారు. సంరక్షకుల పేరుతో ఉన్న బ్యాంకు ఖాతాను పద్దెనిమిది నిండగానే కొత్త సంతకంతో, కేవైసీతో పిల్లల పేరుకు మార్చుకోవాలి. మార్చకపోతే సొంత డబ్బే చేతికి రాదు. పుట్టినతేదీ రుజువు లేని అనాథ పిల్లలు హోమ్ అధిపతి ఇచ్చే ధ్రువీకరణతో పాస్‌పోర్టు పొందవచ్చని 2016లో నిబంధన సడలించారు. గల్ఫ్‌కో ఇంకెక్కడికో వెళ్లాలనుకునే పిల్లలకు ఇది ఉపయోగపడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో కులధ్రువీకరణ విషయంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చట్టం ప్రకారం గానీ ఆచారం ప్రకారం గానీ చూసుకునేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాలల్లో, అనాథాశ్రమాల్లో చేరిన పిల్లలను బీసీ-ఏ జాబితాలో చేర్చారు. పాలిటెక్నిక్ సీటుకైనా ఉద్యోగానికైనా ఇది లెక్కలోకి వస్తుంది. హోమ్‌లో చేరినప్పటి రికార్డు, పిల్లల సంరక్షణపై నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు దొరికితే అవి, అన్నీ ఒకచోట పెట్టుకుని తహసీల్దార్ కార్యాలయానికి వెళ్లండి. పిల్లవాణ్ణి ఒంటరిగా పంపకండి. “మీ నాన్నది ఏ ఊరు?” అని కౌంటర్‌లో పదిమంది ముందు అడిగితే అక్కడినుంచి వచ్చేసి మళ్లీ వెళ్లని పిల్లలను చూశాను.

కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఆఫ్టర్ కేర్‌కు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. దానికి బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు కావాలి, జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా ప్రతిపాదన వెళ్లాలి. పద్దెనిమిది నిండాక మొదలుపెడితే మధ్యలో కొన్ని నెలలు ఖాళీ పడుతుంది, సరిగ్గా ఆ నెలల్లోనే పిల్లలు చెదిరిపోతారు. పదిహేడున్నరకే దరఖాస్తు పెట్టించండి. ప్రతి పిల్లకూ పిల్లవాడికీ హోమ్‌లో వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలని నిబంధన. అందులో ‘బయటికి వెళ్లాక’ అన్న భాగం ఖాళీగా ఉందేమో చూడమని సూపరింటెండెంట్‌ను మర్యాదగా అడగండి. నగరంలో హాస్టల్ పడకకే ఈ 4,000 చాలదన్నది నిజం. అయినా అది తప్పకుండా నెలనెలా వస్తే, మిగతా లోటును మీరు పూడ్చవచ్చు.

కోవిడ్ కాలంలో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు మీ హోమ్‌లో ఉంటే, వాళ్లపేరు పీఎం కేర్స్ బాలల పథకంలో నమోదైందేమో కనుక్కోండి. పద్దెనిమిది నుంచి నెలవారీ భృతి, ఇరవై మూడేళ్లకు 10 లక్షల రూపాయలు అందే పథకం అది. ఆ మొత్తం చేతికొచ్చే ఏడాది మీ మెంటర్ తప్పకుండా పక్కన ఉండాలి. అంతవరకు కనిపించని చుట్టాలు సరిగ్గా అప్పుడే వస్తారు. వాళ్లలో నిజంగా ప్రేమ ఉన్నవాళ్లూ ఉంటారు, అందువల్లే తేల్చుకోవడం కష్టం.

మెంటర్ల ఎంపిక గురించి అడిగారు. చదువు, హోదా నేను చూడను. “వచ్చే రెండేళ్లలో ఉద్యోగం మారే ఆలోచన ఉందా, విదేశాలకు వెళ్లే ప్రయత్నం ఉందా?” అని మొదటే అడుగుతాను. ఉందంటే మెంటర్‌గా వద్దు, కాగితాల పనిలోనో లెక్కల పనిలోనో చేరమంటాను. ఇది కఠినంగా అనిపించవచ్చు. అమెరికాలో పిల్లలకు పెద్దలను తోడుగా జతచేసే కార్యక్రమాలపై గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదికి మించి నిలిచిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. చాలా త్వరగా తెగిపోయిన జతల్లో కొన్ని విషయాల్లో పిల్లల పరిస్థితి మునుపటికంటే దిగజారింది. అంటే అరకొరగా చేస్తే మేలు తగ్గడమే కాదు, కీడే జరగవచ్చు. ఈ పిల్లలను ఇప్పటికే ఎవరో ఒకరు వదిలి వెళ్లారు. మూడు నెలలు వచ్చి మానేసే మెంటర్, ఆ జాబితాలో ఇంకో పేరు.

వెళ్లిపోక తప్పని పరిస్థితి ఎవరికైనా వస్తుంది. అప్పుడు వాట్సాప్ సందేశం పెట్టి తప్పుకోవద్దు. నెలరోజుల ముందే ఎదురుగా కూర్చుని చెప్పాలి. కొత్తగా వచ్చేవాళ్లను తానే పరిచయం చేయాలి. చివరి రోజు ఫలానా అని తేదీ చెప్పాలి. మా పిల్లల్లో ఒకడు, “మేడమ్, నాకు టాటా చెప్పి వెళ్లిన మొదటి మనిషి ఆ అన్న” అన్నాడు, ఇలా పద్ధతిగా సెలవు తీసుకున్న ఒక మెంటర్ గురించి.

మొదటి ఆరు నెలలు “మీ అమ్మానాన్నలు ఏమయ్యారు?” అని అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. సలహాలు కూడా తొందరపడి ఇవ్వకండి. పక్కన కూర్చుని టీ తాగడం, క్రికెట్ చూడటం, పరీక్ష రోజున గేటు దాకా వెళ్లడం, ఇవి చాలు. మాట నిలబెట్టుకోవడం మాత్రం ముఖ్యం. రెండో ఆదివారం పదింటికి వస్తానంటే పదింటికి రావాలి. ఈ పిల్లలు మీ గడియారాన్ని గమనిస్తున్నంతగా మీ మాటలను వినరు.

రక్షణ నియమాల్లో సడలింపు ఉండకూడదు. పద్దెనిమిది లోపు పిల్లలను మెంటర్ ఒంటరిగా తన ఇంటికి తీసుకెళ్లకూడదు. కలవడం హోమ్ ఆవరణలోనో, హోమ్‌కు చెప్పిన బహిరంగ స్థలంలోనో జరగాలి. ప్రతి మెంటర్‌కూ పోలీసు ధ్రువీకరణ ఉండాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత, చెప్పకపోవడం శిక్షార్హం. “ఎవరికీ చెప్పనని మాటివ్వండి” అని పిల్లలు అడుగుతారు. ఆ మాట ఎన్నడూ ఇవ్వకండి. “నీకు ప్రమాదమైన విషయమైతే నేను ఒకరికి చెప్పాలి, అయినా నీ వెంటే ఉంటాను” అని ముందే చెప్పి ఉంచండి. ఇక ఫొటోలు. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టాన్ని పక్కనపెట్టినా, రేపు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఆ అమ్మాయి పేరు వెతికితే మీ సంస్థ పేజీలో ‘అనాథ’ అన్న మాట పక్కన ఆమె ముఖం కనబడకూడదు.

పెళ్లి అన్నాను కాబట్టి అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. పద్దెనిమిది నిండేరోజుకు మేనమామో పెద్దమ్మో సంబంధం పట్టుకుని గేటు దగ్గర నిలబడటం మాకు ఏటా కనబడేదే. చట్టప్రకారం ఆమె పెద్దది, వెళ్లవచ్చు. వెళ్లాలని ఆమెకే ఉండవచ్చు కూడా, ‘సొంత ఇల్లు’ అన్న మాటకు ఉన్న ఆకర్షణ మనం ఊహించలేం. వద్దని వాదించి ప్రయోజనం లేదు. పదిహేడేళ్లప్పుడే ఆ బంధువుల ఇంటికి వెళ్లి చూడండి. అమ్మాయిని ఎవరితోనూ పోల్చకుండా, బెదిరించకుండా, నర్సింగో ఐటీఐయో చదువు పూర్తయ్యేదాకా హాస్టల్ ఖర్చు మాది అని ఆమెకూ బంధువులకూ కలిపి ఒకే మాటగా చెప్పండి. చాలా పెళ్లిళ్లు ఆ భరోసాతోనే రెండేళ్లు వాయిదా పడ్డాయి. కొన్ని ఆగలేదు. ఆగని పెళ్లికి కూడా వెళ్లండి, చీర పెట్టండి, ఫోను నంబరు ఆమె ఒక్కతే చూసేలా రాసి ఇవ్వండి. మా దగ్గర అలా పెళ్లయిన ఒక అమ్మాయి రెండేళ్ల తర్వాత అర్ధరాత్రి ఫోను చేసింది. పెళ్లికి వెళ్లకుండా అలిగి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు.

మీ విహారయాత్ర డబ్బును పండుగలకు మళ్లించమని నా సలహా. సంక్రాంతికి, దసరాకు కాలేజీ హాస్టళ్లు మూసేస్తారు. తోటివాళ్లు సంచులు సర్దుకుంటుంటే, ఎక్కడికి వెళ్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని బాత్‌రూములో దాక్కున్న అమ్మాయి ఉంది మా దగ్గర. ఆ నాలుగు రోజులకు రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నా చాలు. మేం ఏటా భోగి నాటికి అలా ఒక ఇల్లు సిద్ధం చేస్తాం. పెళ్లయినవాళ్లు భార్యలతో, పిల్లలతో వస్తున్నారిప్పుడు. అరిసెలు బయట కొనం, అందరం కూర్చుని వండుతాం. పాకం కుదరదు చాలాసార్లు.

సంస్థ నమోదు గురించి ఎక్కువ చెప్పను. ట్రస్టు, సొసైటీ, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ, మీ ఆడిటర్ ఏది సులువంటే అది పెట్టుకోండి. సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపు, దాతలకు పన్ను రాయితీ ఇచ్చే నమోదులు తెచ్చుకోండి, వాడుకలో వాటిని 12ఏ, 80జీ అంటుంటారు. అమెరికాలో ఉన్న మీ స్నేహితులు డబ్బు పంపుతామన్నారని రాశారు కాబట్టి ఒక హెచ్చరిక. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే వస్తుంది. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు కావాలి. కనీసం మూడేళ్లు పనిచేసి, ఆ మూడేళ్లలో 15 లక్షలు కార్యక్రమాలపై ఖర్చుపెట్టిన సంస్థకే సాధారణంగా ఆ నమోదు ఇస్తారు. స్నేహితుడే కదా అని పాస్‌పోర్టు అడగకుండా తీసుకోకండి.

ల్యాప్‌టాప్‌ల డబ్బుతో ఒక అత్యవసర నిధి పెట్టండి. ఒక నెల అద్దె, ఒక ఆసుపత్రి బిల్లు, ఒక పరీక్ష ఫీజు. కమిటీ సమావేశం దాకా ఆగకుండా మెంటర్ అదేరోజు ఖర్చుపెట్టగలిగేలా ఉండాలి. టైఫాయిడ్ వచ్చిన ఆ అబ్బాయికి ఆరోజు కావలసింది ఒక్క నెల అద్దె.

తరగతులు మొదలుపెట్టకముందే ఒక పని చేయండి. గత మూడేళ్లలో ఆ హోమ్ నుంచి వెళ్లిన పిల్లల జాబితా, సూపరింటెండెంట్, జిల్లా బాలల సంరక్షణ అధికారుల అనుమతితో అడగండి. హోమ్ నుంచే ఎవరైనా వాళ్లకు ఫోను చేసి, మీతో మాట్లాడటం ఇష్టమేనా అని కనుక్కోవాలి. చాలా నంబర్లు పనిచేయవు. కలిసినవాళ్లను, “బయటికొచ్చిన మొదటి నెలలో నీకు ఏది కష్టమైంది?” అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మీ ప్రణాళిక అందులోంచి రావాలి. ఆదివారం మధ్యాహ్నం చేయండి, పనుల్లో ఉన్నవాళ్లకు అప్పుడే తీరిక. ఆ ఫోన్లలో ఎవరైనా తిండికి, నీడకు ఇబ్బందిలో ఉన్నట్టు తెలిస్తే, మీ సంస్థ నమోదు కాకపోయినా సరే, మీ మొదటి కేసు అదే. నాకు రాయండి, ఆ జిల్లాలో ఎవరిని కలవాలో చెబుతాను.